కరగని పసరు

నాకు వీడియో గేముల మీద ఇష్టం పోయింది.

ఈ మాట చదవగానే మీలో చాలామంది "అసలెప్పుడుండేదమ్మా నీకా ఇష్టం?" అనుకుంటారు. నిజమే. మాగాయ గురించి రాశాను, మా ఆడపడుచు కూతురి పెళ్ళి గురించి రాశాను, మోకాళ్ళ నొప్పుల గురించి కూడా రాశాను గానీ ఈ సంగతి ఎప్పుడూ బయటపెట్టలేదు. నలభై దాటిన ఇల్లాలు, అదీ బీఏ తెలుగు చదివినావిడ, మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి డ్రాగన్ల మీదకి కత్తి పట్టుకుని వెళ్తుందంటే ఎవరు నమ్ముతారు? మా అత్తయ్యగారైతే "ఈ వయసులో ఈ బొమ్మలాటలేమిటో" అని ఫోన్లో వాళ్ళ చెల్లెలితో చెప్పుకునేవారు. మా వారు మాత్రం "పోనీలెద్దూ, సీరియళ్ళ కంటే నయం, గోల తక్కువ" అనేవారు.

ఇదంతా 2015లో మొదలైంది. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతి. కంప్యూటర్ ముందు అన్ని గంటలు ఏం చేస్తున్నాడో చూద్దామని నేనూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు ఆడుతున్నది 1997లో జపాన్ వాళ్ళు చేసిన ఫైనల్ ఫాంటసీ 7. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. అంటే మనమే ఒక పాత్ర వేషం కట్టి, ఆ ఊళ్ళన్నీ తిరిగి, కనిపించినవాళ్ళందరితో మాట్లాడి కథని నడపాలి. నవల చదవడం లాంటిదే, కాకపోతే పేజీ తిరగాలంటే మనం నడవాలి.

ఆ కథలో పూలమ్ముకునే అమ్మాయి ఒకతి ఉంది. పేరు ఏరిత్. మన జట్టులో మనిషి. దెబ్బ తగిలితే మందు వేసి, డబ్బు కూడబెట్టి మంచి ఆయుధం కొనిపెట్టి, పిల్లని సాకినట్టు సాకుతాం. కథ సగం కాకముందే ఆమెని చంపేస్తారు. పోరాటంలో పడిపోయినవాళ్ళని లేపే మందు మన సంచిలోనే ఉంటుంది, కానీ ఆ అమ్మాయికి పనిచెయ్యదు. మావాడు నమ్మలేదు. ఆట మళ్ళీ మొదటి నుంచి ఆడి, వేరే ఏదైనా దారి ఉందేమోనని వెతికాడు. లేదు. "అమ్మా, ఇంక నిజంగానే రాదా?" అన్నాడు. "రాదు నాన్నా" అన్నాను. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు. అప్పటినుంచీ మా తల్లీకొడుకులకి ఇంట్లో ఎవరికీ తెలియని ఊరొకటి ఏర్పడింది.

ఆ తర్వాత 2011 నాటి స్కైరిమ్ ఆడాం. 2015లో వచ్చిన విచర్ 3 ఆడాం. విచర్‌లో ఒక బ్యారన్ ఉంటాడు. భార్యా కూతురూ కనబడటం లేదు, వెతికిపెట్టమంటాడు. వెతుకుతూ పోతే తెలుస్తుంది, వాళ్ళు తప్పిపోలేదు, వీడు తాగొచ్చి కొట్టే దెబ్బలకి తాళలేక వెళ్ళిపోయారని. తలుపు వెనక ఏం జరిగిందో గదిలో గుర్తులు చూసి మనమే గ్రహించాలి. ఎన్ని కథల్లో చదవలేదు ఇలాంటి మొగుణ్ణి! అయినా నా చేతులతో ఆ గది వెతుకుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇప్పటి ఆటల్లో మంచివి లేవని నేననను. ఆ బ్యారన్ కథ ఇప్పటికీ నా మనసులో ఉంది.

2018లో నేనే ఒక ఆట చెయ్యడం మొదలుపెట్టాను. ఆర్పీజీ మేకర్ ఎంవీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్ చదువు లేకపోయినా దాంతో చిన్న చిన్న ఆటలు చేసుకోవచ్చు. డిస్కౌంట్‌లో వస్తే కొన్నాం. ఎవరికీ అమ్మడానికి కాదు, నా సరదాకి. అయితే తెలుగు దగ్గరే చిక్కొచ్చి పడింది. ఆ సాఫ్ట్‌వేర్ సంభాషణల్ని ఒక్కో అక్షరంగా తెర మీద గీస్తుంది. ఇంగ్లీషుకీ జపనీసుకీ ఇబ్బంది లేదు. మనకో, గుణింతాలూ ఒత్తులూ! "అమ్మ" అని రాస్తే అకారం ఒకచోట, మకారం ఒకచోట, దాని ఒత్తు ఎటో ఎగిరిపోయి ఇంకోచోట పడేవి. మొదట్లో ప్రతి సంభాషణనీ ఫొటోలా చేసి అతికించాను. తర్వాత మావాడు దారి చూపిస్తే, లైను మొత్తం ఒకేసారి గీసేలా కోడ్ మార్చాను. తెర మీద "అమ్మమ్మా" అన్న మాట విడిపోకుండా నిలబడిన రోజు, మొదటిసారి గుండ్రంగా చపాతీ వచ్చినంత సంబరపడ్డాను.

ఇష్టం పోవడం కూడా అక్కడే మొదలైందనుకుంటాను. వండినవాళ్ళకి తినబుద్ధి కాదంటారే, అలా. ఆట లోపలంతా స్విచ్చులే. పద్నాలుగో స్విచ్ ఆన్ అయితే ముసలమ్మ తలుపు తీస్తుంది. పదిహేనోది ఆన్ అయితే ఏడుస్తుంది. అది తెలిశాక, ఎంత పెద్ద ఆటలోనైనా ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే నాకు వెనక స్విచ్ టిక్కుమన్న శబ్దం వినిపించేది. కేటరింగ్ భోజనంలో గ్రేవీ చిక్కదనం చూసి ఇందులో మైదా కలిపారని కనిపెట్టేస్తామే, ఆ రకం. కానీ అదొక్కటే అయితే ఇష్టం పూర్తిగా పోయేది కాదు. మైదా సంగతి తెలిసినా పెళ్ళిభోజనాలు మానేశామా ఏం?

అసలు కారణం పని. ఇప్పటి ఆటల్లో మ్యాప్ తెరిస్తే చాలు, ప్రశ్న గుర్తులు, చుక్కలు, బాణాలు. ఇక్కడ పది మూలికలు ఏరు, అక్కడ ఐదు తోళ్ళు తీసుకురా, దుప్పటి కుట్టు, కూర వండు, కవచానికి మరమ్మతు చెయ్యి. 2020లో వచ్చిన గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటివాటిలో రోజుకి నాలుగేసి పనులు పెడతారు. ఆ రోజు చెయ్యకపోతే ఆ రోజు బహుమతి పోయినట్టే. పాల ప్యాకెట్టు, గ్యాస్ బుకింగ్, అత్తయ్యగారి బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, ఇవన్నీ ముగించుకుని ఓ గంట వేరే మనిషినవుదామని కూర్చుంటే, అక్కడా నా చేతికి పచారీ చీటీయే ఇస్తున్నారు.

మనం చదువుకున్న ప్రబంధాలు గుర్తొచ్చాయి. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం... అలా పద్ధెనిమిది వర్ణనలుండాలని లక్షణం. చివరికొచ్చేసరికి కథకి కావాలా వద్దా అని చూడకుండా, లెక్క కోసం వర్ణించినవాళ్ళూ ఉన్నారు. ఇప్పటి ఆటలకీ అలాంటి లక్షణమొకటి కుదిరిపోయింది. చేపలు పట్టడం ఉండాలి, గుర్రప్పందెం ఉండాలి, వంట ఉండాలి, పేకాట ఉండాలి. ఆ పద్ధెనిమిదింటిలో ద్యూతం కూడా ఒకటని గుర్తొచ్చి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

ప్రబంధాల మాట వచ్చింది కనక మనుచరిత్ర సంగతి కూడా చెప్తాను. ప్రవరుడికి సిద్ధుడు కాళ్ళకి పసరు పూస్తాడు. అనుకున్నదే తడవు హిమాలయాల మీద వాలతాడు. ఇప్పటి ఆటలన్నింటిలోనూ ఆ పసరు ఉంది. ఒకసారి చూసిన ఊరికి మళ్ళీ నడవక్కర్లేదు, మ్యాప్ మీద నొక్కితే అక్కడుంటాం. అయితే పెద్దన కథలో పసరు మంచుకి కరిగిపోతుంది. ఇంటికి దారి లేక, సంధ్య వార్చే వేళ మించిపోతుందని కంగారుగా తిరుగుతుంటే వరూధిని కనిపిస్తుంది. మనుచరిత్ర కథంతా అక్కడి నుంచే. పసరు కరగకపోతే ప్రవరుడు మంచుకొండలు చూసుకుని, వేళకి ఇంటికొచ్చి భోంచేసి పడుకునేవాడు. ఇప్పటి ఆటల్లో పసరు కరగదు. చచ్చిపోతే పాత సేవ్ తెరుచుకోవచ్చు. పోయింది ఏదీ పోదు. నూరు గంటలు ఆడినా చేతిలోంచి ఏమీ జారకపోతే ఇక మనసుకి పట్టేదేముంది? ఏరిత్ ఇన్నేళ్ళయినా గుర్తుండటానికి ఆ మందు పనిచెయ్యకపోవడమే కారణం.

సామాను ఎక్కువైతే కథ గొప్పదవుతుందనీ లేదు. 1986లో యూజీ హోరీ చేసిన మొదటి డ్రాగన్ క్వెస్ట్, జపాన్లో ఈ ఆటలన్నింటికీ పెద్దమ్మ లాంటిది, మొత్తం 64 కిలోబైట్లు. చోటు చాలక జపనీస్ కటకానా అక్షరాల్లో కూడా కొన్నింటినే ఉంచి, ఆ అక్షరాలతో వచ్చే పేర్లే పెట్టుకున్నారు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలి. అంటే 20 లక్షల రెట్లకి పైనే.

ఆ 150 జీబీల ఆటనే మావాడు నా పోయిన పుట్టినరోజుకి కొనిచ్చాడు. వాడిప్పుడు పూణెలో ఉద్యోగం చేస్తున్నాడు. "అమ్మా, ఇది ఇద్దరం కలిసి ఆడొచ్చు. నువ్వక్కడ, నేనిక్కడ. ఆదివారం రాత్రులు" అన్నాడు. ఇంటి ఇంటర్నెట్‌కి అది దిగడానికి రెండు రాత్రులు పట్టింది. నాలుగు ఆదివారాలు ఆడాను. ఆట బాగుంది, పాత్రలు బాగున్నాయి. నాకే ఆవులింతలు. వాడికి తెలియకూడదని మైకు ఆపుకుని ఆవులించేదాన్ని.

ఐదో ఆదివారం చెప్పేశాను. "నాకింక ఈ ఆటలు ఆడబుద్ధి కావట్లేదు నాన్నా."

అటువైపు చాలాసేపు మాట లేదు. "సర్లే అమ్మా, కళ్ళు నొప్పులు కూడానేమో నీకు" అన్నాడు. కళ్ళ గురించి కాదని వాడికీ తెలుసు.

ఫోన్ పెట్టేశాక భయం వేసింది. పెద్దవాడైన కొడుకుతో మనకి మాటలేం ఉంటాయి చెప్పండి? తిన్నావా, తిన్నాను. జలుబు తగ్గిందా, తగ్గింది. అంతే కదా. నా అక్కచెల్లెళ్ళందరూ ఆ రెండు ప్రశ్నలతోనే నెట్టుకొస్తున్నారు. నాకు మాత్రం వాడితో గంటలు గంటలు మాటలుండేవి. ఏ దారిలో వెళ్దాం, ఎవర్ని నమ్మొచ్చు, ఆ బ్యారన్‌ని క్షమించాలా వద్దా అని. క్షమించొచ్చన్నాడు వాడు పన్నెండేళ్ళప్పుడు. ఇంటర్లో ఉండగా మళ్ళీ ఆడి, వద్దన్నాడు. పిల్లవాడు పెద్దవాడవడం నాకలా తెలిసింది. ఇప్పుడు ఆ ఆదివారాలని నా నోటితో నేనే వద్దన్నాను. అలాగని ఇష్టం లేనిదాన్ని ఇష్టమున్నట్టు నటిస్తే వాడు పసిగట్టడా? నాకు ఏ కూర ఇష్టం లేదో మా అమ్మ పళ్ళెం చూసి చెప్పేసేది. వాడూ అంతే.

రెండు వారాలు తిన్నావా, తిన్నానులతోనే గడిచాయి. మూడో ఆదివారం నేను చేస్తున్న ఆట వాడికి పంపించాను. అంత గొప్పదేం కాదు. ఓ లంక ఊళ్ళో, వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికొచ్చిన పదేళ్ళ పిల్ల కథ. ఊరికి కరెంటు లేదు. రాత్రి పూట పాకలో ఉన్న తాతకి ఆ పిల్ల అన్నం క్యారేజీ తీసుకెళ్ళాలి. చేతిలో లాంతరు. అందులో కిరసనాయిలు 300 అడుగులకే సరిపోతుంది. పాక అంతకంటే దూరం. దీపం కొండెక్కితే దగ్గర్లో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చోవాల్సిందే. ఏ ఇంటి దగ్గర ఆగితే ఆ ఇంటి కథ వింటాం. మొత్తం నలభై నిమిషాల ఆట.

మావాడు ఆ రాత్రే ఆడి ఫోన్ చేశాడు. "అమ్మా, మూడో ఇంట్లో గోడలోంచి నడిచి వెళ్ళిపోతున్నాను, చూసుకో. ఇంకోటి, కిరసనాయిలు దొరికే చోటొకటి పెట్టు. ఆడేవాళ్ళకి చిరాకొస్తుంది."

"పెట్టను" అన్నాను.

"ఎందుకు పెట్టవు? కనీసం ఒక్క సీసా."

"ఆ సీసా దొరికితే ఎవడైనా ఆ అరుగు మీద ఆగుతాడా?"

గంటన్నర వాదించుకున్నాం. ఆడేవాళ్ళకి దారి మూసేయకూడదంటాడు వాడు. దారి మూసుకుపోతేనే కదా పక్కింటి తలుపు కనిపించేది అంటాను నేను. ప్రవరుడి కథ చెప్పాను. పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టనివాడు కూడా "అయితే వాడు మళ్ళీ ఇంటికెలా వెళ్ళాడు?" అని అడిగాడు. అగ్నిదేవుణ్ణి ప్రార్థించి వెళ్ళాడని చెప్తే, "చూశావా, పెద్దన కూడా ఒక సీసా పెట్టాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఫోన్ పెట్టేసే ముందు వాడు, "నిజంగా మీ అమ్మమ్మ వాళ్ళింట్లో కిరసనాయిలు అయిపోయేదా?" అనడిగాడు. రేషన్లో ఎన్ని లీటర్లిచ్చేవారో, నెలాఖరుకి అమ్మమ్మ లాంతరు ఒత్తి ఎంత తగ్గించేదో, చీకట్లో భోజనాలెలా చేసేవాళ్ళమో చెప్పుకుంటూ పోయాను. ఆవిడ పేరు కూడా వాడికి ఆ రోజే తెలిసింది.

బాల్డర్స్ గేట్ ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. వాడు కొనిచ్చింది కదా, తీసెయ్యబుద్ధి కాలేదు. వాడు ఆ ఆటని ఇప్పుడు స్నేహితులతో ఆడుతున్నాడు. గోడలోంచి నడిచే తప్పు సరిచేశాను. సీసా మాత్రం ఇంకా పెట్టలేదు. పెడితే మాత్రం ఆట చివర్లో, అందరి అరుగుల మీదా కూర్చున్నాక, అమ్మమ్మే తెచ్చి ఇచ్చేలా పెడదామనుకుంటున్నాను. వచ్చే ఆదివారం వాడితో అనాలి.