పదమూడు అడుగుల పడవ, నాలుగు స్క్రూలు

ఈసారి బాబాల గురించి కాదు, నా గురించే రాయాల్సి వచ్చింది. రాయాలా వద్దా అని రెండేళ్ళకి పైగా నానబెట్టాను.

2003లో న్యూజెర్సీలో, బార్నెగాట్ బే పక్కన ఒక పాత మోటారు బోటు కొన్నాను. 1984లో తయారైన బోస్టన్ వేలర్. పొడుగు పదమూడు అడుగుల నాలుగు అంగుళాలు. ఇక్కడి జనానికి 13 అంటే ఎంత బెదురో మీలో చాలామందికి తెలుసు. కొన్ని బిల్డింగుల్లో లిఫ్టు పన్నెండో అంతస్తు నుంచి నేరుగా పద్నాలుగుకి వెళ్తుంది. అందుకే పట్టుబట్టి పదమూడు అడుగులది కొన్నానని మిత్రులతో గొప్పలు పోయేవాణ్ణి. నిజానికి నా దగ్గరున్న డబ్బుకి అదే వచ్చింది.

ఈ బోటుకి ఒక చరిత్ర ఉంది. రిచర్డ్ ఫిషర్ అనే ఆయన, రే హంట్ అనే డిజైనరు కలిసి 1958లో దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. రెండు ఫైబర్‌గ్లాసు పెంకుల మధ్య ఫోము పోసి గట్టిపరిస్తే అంతా ఒకే ముద్దగా అతుక్కుపోతుంది. కన్నం పడ్డా మునగదు. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరని ఫిషర్ తనే బోట్లో కూర్చుని దాన్ని రంపంతో మధ్యకి కోయించాడు. ఆ తర్వాత ఇంజనున్న వెనక సగంలోనే కూర్చుని నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. 1961లో లైఫ్ పత్రిక ఆ ఫొటోలు వేసింది. కోవూర్ గారి సవాళ్ళ గురించి వింటూ పెరిగిన నాకు ఇంతకంటే నచ్చే సేల్స్‌మన్ ఎక్కడ దొరుకుతాడు? జనం ముందు పరీక్ష పెట్టి మరీ అమ్మాడు.

ఇరవై ఏళ్ళు దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. ప్రతి అక్టోబరులో మంచినీళ్ళతో ఇంజను కడిగి, సిలిండర్లలోకి నూనె కొట్టి, టార్పాలిన్ కప్పేవాణ్ణి. ఏప్రిల్ వచ్చేసరికి మహాగనీ సీట్లని గరుకు కాగితంతో రుద్ది రెండు పూతలు వార్నిష్ వేసేవాణ్ణి. ఏ రోజు ఏం చేశానో ఒక నోటు పుస్తకంలో ఉండేది. మా ఆవిడ పుట్టినరోజు నేను రెండుసార్లు మర్చిపోయాను గానీ, గేర్ ఆయిలు మార్చిన తారీఖు ఎప్పుడూ మర్చిపోలేదు. ఈ వాక్యం ఆవిడ చెప్పి రాయించిందే.

2023లో కుడి భుజం పనిచేయడం మానేసింది. బోటు అమ్మేద్దామనుకున్నాను.

ధర 6,500 డాలర్లు పెట్టాను. ఎందుకంత అంటే, నాకు అంత అనిపించింది. తమ చేతిలో ఉన్న కాఫీ కప్పుకి జనం ఎంత అడుగుతారో, అదే కప్పు చేతిలో లేనివాళ్ళు ఎంత ఇస్తామంటారో 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరీక్షించి చూశారు. అడిగేవాళ్ళ ధర ఇచ్చేవాళ్ళ ధరకి సుమారు రెట్టింపు ఉంది. ఈ ప్రయోగం గురించి నేను రెండు సభల్లో మాట్లాడాను. నా బోటు విషయంలో మాత్రం అది గుర్తుకే రాలేదు. ప్రకటనలో "ఫోములోకి చుక్క నీరు పోలేదు" అని కూడా రాశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎడిసన్ నుంచి ఒక తెలుగు కుర్రాడు ఫోన్ చేశాడు. శనివారం భార్యతో, అత్తగారితో వస్తానన్నాడు. ఉదయం తొమ్మిదింటికి రండి, పోటు మీద ఉంటుంది, బోటు దింపడానికి వీలు అన్నాను. "తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం అంకుల్" అన్నాడు. ఇక నా నాలుక ఆగుతుందా! రాహుకాలం అంటే పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శనివారం మూడోది. జూన్‌లో ఇక్కడ ఐదున్నరకి తెల్లారి ఎనిమిదిన్నరకి పొద్దు గూకుతుంది, అంటే నీ శాస్త్రం ప్రకారమే అది తొమ్మిదింబావు నుంచి పదకొండు దాటేదాకా ఉండాలి, నువ్వు చెప్పింది ఆరింటికి తెల్లారే రోజుల లెక్క అని పది నిమిషాలు క్లాసు పీకాను. అంతా విని, "అయితే పదకొండున్నరకి వస్తాం అంకుల్" అన్నాడు. నేను మాట్లాడిన ఫలితం అది.

వచ్చారు. నోటు పుస్తకం చూపించాను. గేజి పెట్టి ఇంజను కంప్రెషన్ చూపించాను, సిలిండర్లన్నీ ఇంచుమించు ఒకే అంకె. బేలో అరగంట తిప్పాను. కుర్రాడు అసలు ఏమీ అడగలేదు. "మనవాళ్ళే కదా అంకుల్, పైగా మీరు ఇలాంటి సంఘాల్లో ఉన్నవాళ్ళు, అబద్ధం ఎందుకు చెబుతారు?" అన్నాడు. రిజిస్ట్రేషన్ అంకెలు కూడితే 8 వస్తోంది, శని సంఖ్య అని మాత్రం కొంచెం నసిగాడు.

పరీక్ష చేసింది అత్తగారు. ఆవిడది నరసాపురం దగ్గర. వాళ్ళ నాన్నకి గోదావరి మీద సరుకుల నావ ఉండేదట. ట్రైలరు మీదున్న బోటు చుట్టూ మెల్లగా తిరుగుతూ, చేతి ఉంగరంతో అక్కడక్కడా తట్టుకుంటూ వచ్చింది. ఇంజను బిగించే వెనక పలక దగ్గర ఆగింది. మళ్ళీ తట్టింది. ఆ పక్కన తట్టింది.

"అన్నయ్యగారూ, ఇక్కడ చప్పుడు మందంగా ఉందండీ. మా నాన్న కొనేముందు ఇలాగే తట్టి వినేవాడు."

"అక్కడ ఇంజను కోసం లోపల ప్లైవుడ్ పెడతారమ్మా, అందుకు" అన్నాను.

అది అబద్ధం కాదు. లోపల ప్లైవుడ్ ఉంటుంది. కానీ ప్లైవుడ్ పలక నిండా ఉంది, మందమైన చప్పుడు ఒక మూల మాత్రమే వస్తోంది. ఆ మూలే 2011లో చేపల్ని చూపించే పరికరం కోసం నేను నాలుగు స్క్రూలు బిగించాను. కన్నాల్లో సీలెంటు పెట్టానా? నోటు పుస్తకంలో గేర్ ఆయిలు ఉంది, వార్నిష్ ఉంది, సీలెంటు మాట లేదు. అది అప్పటికప్పుడే నా బుర్రలో తిరిగింది. అయినా 500 డాలర్లు అడ్వాన్సు తీసుకున్నాను. పై శనివారం ముహూర్తం చూసుకుని వస్తామన్నారు.

ఇక్కడే చెప్పాల్సింది ఉంది. విలియం క్లిఫర్డ్ 1877లో రాసిన "నమ్మకపు నీతి" వ్యాసం ఒక ఓడ యజమానితో మొదలవుతుంది. ఓడ పాతది, మరమ్మతులు కావాలని అతనికి అనుమానం. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని తనకి తానే నచ్చచెప్పుకుని, నిజాయితీగానే నమ్మి, వలస వెళ్ళేవాళ్ళని ఎక్కించి పంపుతాడు. అది నడిసముద్రంలో మునిగిపోతుంది. అతను బీమా డబ్బు తీసుకుని ఊరుకుంటాడు. ఓడ క్షేమంగా చేరినా అతని తప్పు తప్పేనంటాడు క్లిఫర్డ్, ఎందుకంటే ఆ నమ్మకానికి అతని దగ్గర ఆధారం లేదు. ఈ కథని నేను కనీసం పదిమంది కుర్రాళ్ళకి చెప్పి ఉంటాను. ఎప్పుడూ ఆ ఓడ యజమాని ఒక భక్తుడిగానే కనిపించేవాడు నాకు. అతనికి దేవుడున్నట్టే నాకు నోటు పుస్తకం ఉంది.

ఇంకొకటి. ఫిషర్ పరీక్ష చూపించింది కోసినా మునగదని. లోపలికి నీరు ఇంకదని కాదు. నేను ఒక పరీక్ష ఫలితాన్ని ఇంకో ప్రశ్నకి జవాబుగా ఇరవై ఏళ్ళు వాడుకున్నాను.

నీరు తాగిందో లేదో తేల్చుకోవడం నిజానికి చాలా తేలిక. తూచాలి. కంపెనీ చెప్పిన ప్రకారం ఖాళీ బోటు బరువు సుమారు 320 పౌండ్లు. సోమవారం తూచచ్చు, మంగళవారం తూచచ్చు. భుజం నొప్పి అన్నాను, వర్షం అన్నాను. గురువారం రాత్రి మా ఆవిడ "ఏమిటీ, అన్నం కెలుకుతున్నారు?" అంది. చెప్పాను. "మీరు చెప్పకపోతే వాళ్ళకి తెలుస్తుందా?" అని అడిగింది. తెలియదన్నాను. "అయితే చెప్పండి" అని లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం పక్కింటి ఇద్దరి సాయంతో ఇంజను, ట్యాంకు, బ్యాటరీ, సీట్లు దింపేశాను. బాత్రూముల్లో బరువు చూసుకునే యంత్రాలు రెండు తెచ్చి, వాటి మీద నేనే ఎక్కి రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయని చూసుకున్నాను. ముందు భాగం ఒకదాని మీద, వెనక భాగం ఇంకోదాని మీద ఆనించి రెండూ కూడితే మొత్తం బరువు. 366 వచ్చింది. మళ్ళీ ఎత్తి పెట్టాం, 367. అడుగున ఏళ్ళ తరబడి వేసిన రంగుకి పది పౌండ్లు తీసేసినా 36 పౌండ్లు ఎక్కువ. అంటే పదహారు లీటర్ల నీరు. పరికరం స్క్రూలు ఊడదీస్తే ఒక కన్నంలోంచి టీ డికాక్షన్ రంగు నీరు బొట్టు బొట్టుగా కారింది. పుల్ల పెడితే చెక్క మెత్తగా ఉంది.

ఆ పూటే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోములోకి పోయిన నీరు సులువుగా బయటికి రాదనీ, బోటు మునగదు గానీ వెనక పలక విప్పి చెక్క మార్చాలనీ చెప్పాను. అడ్వాన్సు వెనక్కిస్తానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"నేను చెప్పాగా అంకుల్, ఎనిమిది అని."

అప్పుడు కోపం వచ్చిన మాట నిజం. ఎనిమిది కాదయ్యా, నాలుగు! నాలుగు స్క్రూలు, నా చేత్తో బిగించినవి! పైకి అనలేదు. నా మీద పడాల్సిన తప్పు శనిమీద వేసుకోవడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. ఆ క్షణంలో అది నాకెంత సుఖంగా అనిపించిందో కూడా ఒప్పుకోవాలి. వెంటనే "శని కాదు బాబూ, నేనే" అన్నాను.

వద్దంటారనుకున్నాను. అత్తగారు ఫోన్ లాక్కుని ఎంతకిస్తారని అడిగింది. మరమ్మతు ఖర్చు కనుక్కుని 3,800కి తెగింది. నా అనిపించడానికీ అసలు ధరకీ రెట్టింపు కాకపోయినా, దానికి మరీ దూరమేమీ లేదు.

శనివారం పూజ సామానుతో వచ్చారు. పళ్ళెంలో అరటిపళ్ళ అత్తం చూసి పక్కింటాయన కళ్ళు పెద్దవి చేశాడు. ఇక్కడి చేపలవాళ్ళలో కొందరికి బోటులో అరటిపండు ఉంటే అరిష్టం, మనవాళ్ళకి లేకపోతే అరిష్టం. ఇద్దరికీ మధ్యలో నిలబడి నేను ఎవరికీ ఏమీ విప్పి చెప్పలేదు. కొబ్బరికాయ మాత్రం బోటు మీద కొట్టద్దు, పైపూత బీటలు వేస్తుందని బతిమాలితే ట్రైలరు పక్కన రాయి మీద కొట్టారు. అత్తగారు వెనక్కి వెళ్ళి నాలుగు కన్నాలూ చూపించమంది. చూపించాను. చూపుడు వేలు ఒకదాని మీద పెట్టి చూసి, కొంగుకి తుడుచుకుంది.

టైటిలు కాగితాలున్న కవర్లో నోటు పుస్తకం పెట్టాను. ఆఖరి పేజీలో ఆ వారం తారీఖు వేసి, 366, 367 అని రాసి, కింద సంతకం చేశాను.