అరువు పేరు

సలాతిగా ఊరికి పుట్టినరోజు ఉంది. ఏటా జూలై 24న చేస్తారు. క్రీ.శ. 750లో ఆ రోజున రాతి మీద చెక్కిన ప్లుంపుంగాన్ శాసనం దానికి ఆధారం. హంప్ర అనే పల్లెకు పన్ను మినహాయిస్తూ సంస్కృతంలో వేసిన శాసనం అది. అంటే ఆ ఊరు తన వయసును ఒక భూమి పత్రం నుంచి లెక్కపెట్టుకుంటోంది. అలాంటి ఊళ్లో ఇల్లు కొనాలని నేను పడ్డ ఆరాటం తలచుకుంటే ముందుగా ఆ రాయే గుర్తొస్తుంది.

మధ్య జావాలో సెమరాంగ్ నుంచి సోలో వెళ్లే దారిలో, మెర్బాబు అగ్నిపర్వతం పాదాల దగ్గర ఉంటుంది సలాతిగా. బట్టల మిల్లులో ఉద్యోగం మీద 2022లో వెళ్లాను. ఎత్తు మీద ఊరు కాబట్టి గాలి చల్లన. సాయంత్రమైతే వెడాంగ్ రోండే తాగేవాణ్ని. వేడి అల్లం నీళ్లలో పిండి ఉండలు తేలుతుంటాయి. అక్కడ భూమిని 'బూమి' అంటారు, పేరును 'నామా' అంటారు, ఇంటిని గౌరవంగా చెప్పాలంటే 'గ్రియా' అంటారు. చెవిన పడే మాటల్లో ఇన్ని మనవే అయ్యేసరికి మొదటి నెలలోనే ఊరు నాదనుకున్నాను. నా తొందరంతా అక్కడ మొదలైంది.

అద్దె ఇంటిని అక్కడ 'కొంత్రకాన్' అంటారు. ఏడాది డబ్బు ముందే కట్టాలి. ఇంటావిడ భర్త పోయిన మనిషి, ముందు వాటాలో ఉండేది. నేను ఆమెను 'బు' అని పిలిచేవాణ్ని, ఆమె నన్ను 'మాస్' అనేది. ప్రతి ఇంటి ముందూ ఒక చిన్న డబ్బా వేలాడుతుంటుంది. ఒకప్పుడు అందులో చిటికెడు బియ్యం వేసేవారు, ఇప్పుడు చిల్లర నాణేలు వేస్తున్నారు. రాత్రి కాపలా తిరిగేవాళ్లు వాటిని పోగుచేస్తారు. జింపితాన్ అంటారు దాన్ని. మా వీధిలో ఆ డబ్బుతోనే మురుగుకాలువ బాగుచేసుకున్నారు, ఒక ముసలాయన అంత్యక్రియలకు కుర్చీలు తెప్పించారు. నా డబ్బా కూడా రోజూ ఖాళీ అయ్యేది. అది నాకెంత గర్వంగా ఉండేదో!

వీధి చివర ఒక పాత పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. పెరట్లో పనసచెట్టు. వెనక మెట్టు మీద కూర్చుంటే మెర్బాబు కొండ మొత్తం కనిపించేది. కానీ 1960 నాటి భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, హాక్ మిలిక్, ఆ దేశ పౌరులకే. నివాస అనుమతి ఉన్న విదేశీయులకు వాడుక హక్కు ఇస్తారు: 30 ఏళ్లు, పొడిగిస్తే 20, ఆపైన మరో 30. అయితే దానికి ప్రభుత్వం కనీస ధర పెట్టింది. నాకు నచ్చిన ఇల్లు ఆ ధరకు ఎంతో కింద ఉంది. మధ్యవర్తి తేలిగ్గా ఒక దారి చెప్పాడు. "పింజమ్ నామా." పేరు అరువు తెచ్చుకోవడం. మన భాషలో బినామీ.

ఆ సాయంత్రమే బును అడిగాను. మీ పేరు మీద కొంటాను, డబ్బంతా నాదే, మీకూ ఎంతో కొంత ఇస్తాను అన్నాను. ఆమె కళ్లు దించుకుని, నవ్వి, "ఇంగ్గిహ్" అంది. ఆ మాటకు అవునని అర్థం. నేను మధ్యవర్తికి ఫోన్ చేసి పత్రాలు సిద్ధం చేయమన్నాను.

తర్వాత పది రోజులు టీ వచ్చేది గానీ ఆమె వచ్చేది కాదు. కూతురు తెచ్చి పెట్టి వెళ్లిపోయేది. ఒకరోజు మా వీధి పెద్ద, అందరూ 'పా ఎర్ తే' అని పిలిచే ఆయన, వచ్చి కూర్చున్నారు. అమ్మానాన్నల ఆరోగ్యం అడిగారు, మిల్లు గురించి అడిగారు, వాన గురించి మాట్లాడారు. లేచి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి చెప్పారు: "ఇంగ్గిహ్ అంటే ఒప్పుకున్నాననే కాదు మాస్. మీ మాట విన్నానని కూడా. ఆమెకు నిద్ర పట్టడం లేదు. పిల్లలకు ఇవ్వడానికి ఆమె దగ్గరున్నది ఆ పేరొక్కటే."

చట్టం సంగతి నాకు ముందే తెలుసు. అలాంటి కొనుగోలు చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. పోతే నా డబ్బు పోతుందని లెక్క వేసుకున్నాను. ఆమె మీద పడేదేమిటో ఒక్కసారీ లెక్క వేయలేదు. ఊరి చుట్టూ కాఫీ, రబ్బరు తోటల్లో ఆదివారాలు ఇష్టంగా తిరిగేవాణ్ని. 1870లో డచ్చివారు తెచ్చిన చట్టం జావాలో తోటల కంపెనీలకు 75 ఏళ్ల కౌళ్లు ఇచ్చిందని, ఆ గాయం మీదే 1960 చట్టం పుట్టిందని తెలిశాక ఆ తోటల్లో నడుస్తుంటే అడుగు తడబడింది.

మర్నాడు ఉదయం బు దగ్గరికి వెళ్లి, ఇల్లు వద్దనుకున్నానని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం టీ తనే తెచ్చింది. పక్కన వేయించిన టెంపే కూడా పెట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం నా వంతయింది. మాది గోకవరం. రంపచోడవరం ఏజెన్సీ మా ఊరు దాటగానే మొదలవుతుంది. అక్కడ గిరిజనేతరులు భూమి కొనకూడదు. మావైపు దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. అయినా మాకు అక్కడ జీడిమామిడి తోట ఉంది. కాగితం మీద అది ఒక కొండరెడ్డి మనిషిది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆయన నన్ను భుజాన ఎక్కించుకుని తోటంతా తిప్పేవాడు. మేం 'తోట తాత' అనేవాళ్లం. ఆయన కూడా నాన్న ఏం చెప్పినా "సరే బాబూ" అనేవాడు. ఆ 'సరే'లో ఏముందో మేమెవరం అడగలేదు.

తెల్లారకముందే నాన్నకు ఫోన్ చేశాను.

"తోట తాత ఉన్నాడా నాన్నా?"

"పోయి నాలుగేళ్లయింది కదరా. కొడుకున్నాడు."

"తాత అసలు పేరేంటి?"

అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత నాన్న మెల్లగా అన్నారు.

"పాస్‌బుక్ తీసి చూడాలిరా."