ప్రవాళ పోషణము – బ్రహ్మ స్థానము

ఓరుగల్లుకు సముద్రము దూరము. అయినను హనుమకొండలో ఒక గృహస్థు గాజుతొట్టెలో ఉప్పునీరు నింపి మృదు ప్రవాళములను పోషించుచున్నాడు. ప్రవాళము శిల కాదు, ప్రాణి. దాని దేహమందు వసించు సూక్ష్మ శైవలములు వెలుతురుతో ఆహారము సిద్ధముచేసి దానికిచ్చును. కొరతను అది నీటిలోని సూక్ష్మజీవులను పట్టి తీర్చుకొనును. ఆ ఆహారమును రాత్రివేళ కొలిచి వదలుటకు ఆయన పంపును, టైమరును అమర్చి తీర్థయాత్రకు వెళ్లెను. మరలివచ్చుసరికి ప్రవాళములు ముడుచుకొని యుండెను. మిగిలినది కుళ్లి నీరు చెడినను, యంత్రము నియమము తప్పక వడ్డించుచునే యుండెను.

పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. యజమాని కర్మను ఋత్విక్కులకు అప్పగించుట దోషము కాదు. కాని శ్రౌతయాగమందు బ్రహ్మ యను ఋత్విక్కు మౌనముగా కూర్చుండి, లోపములను గమనించి ప్రాయశ్చిత్తము చేయును. యంత్రము ఆహుతిని వేయగలదు. బ్రహ్మ స్థానమున కూర్చుండలేదు.

ఇప్పుడును ఆ గృహమున యంత్రమే వడ్డించుచున్నది. మోతాదు మాత్రము తగ్గినది. సాయంసంధ్య ముగిసిన పిదప ఆయన తొట్టె యెదుట కూర్చుండి, ఏ ప్రవాళము విచ్చుకొన్నదో, ఏది ముడుచుకొన్నదో చూచును. ఊరు వెళ్లునపుడు ఆ చూచుపనిని కుమారునికి అప్పగించి వెళ్లును.