ఎర్రక్షరాలు రాని రెండు వారాలు

కమిట్ కొట్టగానే ఎర్రక్షరాలు. వాడని వేరియబుల్, లైన్ చివర ఖాళీ స్పేస్... కమిట్‌కి ముందే కోడ్ చెక్ చేసే ప్రీ-కమిట్ హుక్ దేన్నీ వదిలేది కాదు. విసుగొస్తే ‘నో వెరిఫై’ కొట్టి దాటేసేవాణ్ణి.

ఆఫీసులో కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. రిపో క్లోన్ చేశా. రెండు వారాలు ఒక్క ఎర్రక్షరం లేదు. నా కోడ్ బాగుపడిందనే అనుకున్నా!

ఓ శుక్రవారం సాయంత్రం, ఊరికి బయల్దేరుతుంటే లీడ్ ఫోన్.

"తమ్ముడూ, క్లౌడ్ కీ రిపోలో పెట్టేశావేంటి?"

టెస్టింగ్ కోసం ఫైల్లో రాసుకున్న కీ. తీసేయడం మర్చిపోయి పుష్ చేశా. గబగబా ఆ లైన్ తీసేసి మళ్లీ కమిట్ కొట్టా.

"తీసేస్తే పోతుందా? హిస్టరీలో ఉంటుందిగా" అంది అక్క.

పాత కీ రద్దు చేసి, కొత్తది అన్ని సర్వీసుల్లో మార్చేసరికి రాత్రి 11. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

హుక్స్ ఉండేది డాట్ గిట్ ఫోల్డర్లోనట. క్లోన్ చేస్తే అవి రావు. ప్రతి మెషీన్లో మనమే ‘ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్’ కొట్టాలి. రీడ్‌మీలో రాసే ఉంది, నేనే చదవలేదు.

సోమవారం ఇన్‌స్టాల్ చేసి, రద్దయిన ఆ కీతోనే కమిట్ కొట్టి చూశా. ఎర్రక్షరాలు. అదే చెక్ సర్వర్లోనూ పెట్టించింది అక్క. నా ‘నో వెరిఫై’ సంగతి ఆమెకి ముందే తెలుసట.