ఒంటిచేతి బ్రేకు

పక్షవాతం తగ్గిన తరువాత పుణేలోని ఆ గ్రంథపాలకుని కాళ్లు పూర్వబలం పొందాయి గాని, ఎడమచేతికి పట్టు రాలేదు. బొటనవేలు కొంత కదిలేది. తక్కిన వేళ్లు లీవరును లాగలేవు. ఇక సైకిలే వద్దన్నారు ఇంటివారు. ముప్ఫై ఏళ్లు సైకిలుపైనే కొలువుకు వెళ్లిన మనిషి, తన చేతికి తగినది కట్టించుకొంటానన్నాడు. చట్రం, రంగు, సీటు ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. బ్రేకు లీవరు వద్ద నెల గడిచింది.

మన దేశంలో, బ్రిటన్‌లో వలెనే, సాధారణంగా ముందు బ్రేకు కుడిచేతిది; అమెరికాలో ఎడమచేతిది. ఆ విధంగా ఆయనకు ముఖ్యమైన బ్రేకే మిగిలింది. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రంపైకి ఒరుగుతుంది. వెనుక చక్రం తేలికై జారుతుంది. కనుక పొడినేలపై సైకిలును త్వరగా ఆపేది ముందు బ్రేకే. కాని వానకు తడిసిన మలుపులో ముందు చక్రం జారితే రెండు చేతులున్నవాడే నిలదొక్కుకోలేడు. వెనుక బ్రేకు ఉండి తీరాలి.

మెకానిక్ మొదట ఒకే లీవరు రెండు కేబుళ్లను లాగే ఏర్పాటు చూపాడు. ముచ్చటైనదే. అయితే వేళ్ల బలం రెండుగా చీలుతుంది. ఆ లీవరు విరిగితే రెండు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ఒకటి చెడినా మరొకటి ఉండాలనే గదా రెండు పెట్టుకొనేది! బ్రిటిష్ వారి 1983 నాటి నిబంధనలు కూడా ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు బ్రేకులు కావాలంటాయి. కుడి పిడిపైనే రెండు లీవర్లు బిగించవచ్చు గాని, ఆపద వేళ వేళ్లు దేనిని వెతుక్కోవాలి?

చివరకు ముందు చక్రానికి చేతి బ్రేకు, వెనుక చక్రపు హబ్బులో పెడలును వెనక్కు తొక్కితే పట్టే బ్రేకు నిశ్చయమయ్యాయి. దీనికీ మూల్యం ఉంది. గొలుసు ఊడితే వెనుక బ్రేకు ఉండదు. ఆగినచోట పెడలును వెనక్కు తిప్పి కాలికి అనువుగా పెట్టుకోలేము. గొలుసును పళ్లచక్రాల మీద అటూ ఇటూ జరిపే గేర్లు దానితో కుదరవు. ఇంటిదారిలో ఒక ఎత్తు ఉంది; అక్కడ దిగి నడిపించుకుపోతానన్నాడాయన.

లీవరుకూ బ్రేకుకూ జోడు కుదరడం మరొక పని. పాత కాలిపర్ బ్రేకుకు కేబులును కొద్దిగా లాగే లీవరు చాలు. వి-బ్రేకుకు ఎక్కువ లాగేది కావాలి. తారుమారైతే ఒకచోట లీవరు పిడిని తాకుతుంది, మరొకచోట రాయిలా బిగుసుకొని చక్రాన్ని ఆపదు. ఆయన కాలిపర్‌కు తగినదే ఎంచుకొని, చిన్న మరతో వేళ్లకు దగ్గరగా జరిపించుకొన్నాడు.

ఎడమ పిడి బోసిగా ఉందని మెకానిక్ నొచ్చుకొన్నాడు. అక్కడ గంట బిగించమన్నాడు గ్రంథపాలకుడు. దానికి బొటనవేలు చాలు.