మూసీ తాకిన గోడ

ఇస్తాంబుల్‌లో రుస్తుం పాషా మసీదని ఒకటుంది. పదహారో శతాబ్దంలో ఆటమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టింది. చిన్నదే, కానీ లోపల గోడల నిండా ఇజ్నిక్ పలకల పూలు. దాన్ని ఫోటోల్లోనే చూశాను. పలకల పని కోసమే వెతుక్కుంటూ వెళ్లదగ్గ చిన్న చోటు మనకూ ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో, పత్థర్‌గట్టీ దగ్గరి బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. ఇది మసీదు కాదు, మొహర్రంలో అలంలు నిలిపే చోటు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించాడు. పలకల అలంకారం 1611 నాటిది.

తాండూరులో పొద్దున్నే రైలెక్కి వెళ్లాను. ముందరి కొయ్య స్తంభాలు దాటితే పసుపు, ముదురు నీలం, ఫిరోజా రంగులు ఒక్కసారే మీద పడ్డాయి. ఇజ్నిక్ పలక మీద బొమ్మ గీసి, మెరుగు పూసి కాలుస్తారు. ఇక్కడ అట్లా కాదు. ఒక్కో రంగును విడిగా కాల్చి, ముక్కలు కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగారు. గోడ మీద పెద్ద అలం ఆకారాలు. మా దిక్కు పిల్లలక్కూడా చెప్పక్కర్లేదు, అది పీరు. మా తాత పేరుకు హిందువే, ఏటా పీరునెత్తుకొని అలావా చుట్టూ తిరిగేవాడు.

కాసేపు నిలబడితే ఇంకోటి తెలుస్తుంది. గోడలో కొంత మేర మెరవదు. అవి పలకలు కావు, పలకల్లాగా వేసిన రంగులు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు ఇక్కడి పలకలు పాడయ్యాయి. పోయినచోట అదే నమూనాను రంగులతో దిద్దారు. ఈ మూసీ పుట్టేది వికారాబాద్ పక్కన, మా అనంతగిరి గుట్టల్లోనే.

ఆ రంగులు చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. నేను మాత్రం వాటి ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

కిందటేడు మా ఊరి పీర్ల కొట్టాన్ని బాగుచేశారు. కప్పు కారుతుండె, చేయక తప్పలేదు. గోడలకు బాత్రూం టైల్స్ అంటించారు. "గోడ ఎంత నున్నగైందో చూడు బిడ్డా" అంది మా పెద్దమ్మ సంబరంగా. ఆ టైల్స్ కింద, సున్నం మీద, మా తాత గంధంలో ముంచి వేసిన చేతి అచ్చు ఉండాలి. అదెక్కడో నా కొడుక్కి ఇప్పుడు చూపలేను.

ఆషుర్‌ఖానాలో రంగులు వేసిందెవరో గానీ, ఏది మిగిలిందో, ఏది పోయిందో దగ్గరికెళ్తే నేటికీ తెలుస్తుంది. మా కొట్టంలో అది తెలియదు. అంతా కొత్తదే.