మారిషసు శాసనసభ – మన ఓనమాలు

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో సముద్రము దాటిపోయినవారి ప్రస్తావన వచ్చినచో రంగూను పేరే ముందు వినవచ్చును. కాని 1834 తరువాత చెరకుతోటల పనికి ఒప్పందకూలీలుగ మారిషసు దీవికి పోయినవారును మన తీరమున కలరు. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట తెలుగువారిని కోరంగీలనిరి. ఆ దీవి శాసనసభ చరిత్రలో మన సోదరీమణులు తెలిసికొనదగిన విషయ మొకటి యున్నది.

ఆ సభకు నెలవు పోర్టు లూయీ నగరము. తాళవృక్షముల నడుమనున్న బాట చివర ఫ్రెంచివారి కాలపు ప్రభుత్వ భవనమును, దాని ముంగిట విక్టోరియా రాణి విగ్రహమును కానవచ్చును. సభామందిరము ఆ ఆవరణలోనిదే. సభ యొక్కటియే, పెద్దల సభ వేరుగ లేదు. మారిషసు దీవిలోని 20 నియోజకవర్గములనుండి మువ్వురేసి, రోడ్రిగ్సు దీవినుండి ఇరువురు, వెరసి 62 మంది ఎన్నికగుదురు. ప్రాతినిధ్యము చాలని వర్గములను తలచి, ఓడినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారినుండి ఎనిమిదికి మించకుండ మరికొందరిని చేర్చుకొనుట 1968 నాటి రాజ్యాంగము పెట్టిన ఏర్పాటు.

1886లో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు ఆస్తిగలవారికే ఓటు. 1948 ఎన్నికలకు ఆ కట్టు సడలినది. ఆ దీవిలో వాడుకలోనున్న భాషలలో దేనిలోనైనను చిన్న వాక్యములు చదివి వ్రాయగల స్త్రీపురుషులకు ఓటు లభించెను. ఆ భాషలలో తెలుగును ఒకటి! ఆ యేటనే ఎమిలియెన్ రోష్‌కూస్త్ గెలుపొంది, సభకు ఎన్నికైన తొలి మహిళ యయ్యెను.

ఇది మాకు సంతోషమును, దిగులును గూడ కలిగించినది. ఓనమాలు దిద్దిన కోడలికి ఓటు కలిగెను. బడి మొగమెరుగని అత్తకు లేకపోయెను. ఎండనక వాననక చెరకు నరికిన ఆమెకు దేశపు మంచిచెడ్డలు తెలియవా? ఆ లోపము 1959 ఎన్నికలలో తీరినది. అంతకు ముందే, 1951–52లో, మన దేశమున చదువురాని తల్లులు పెట్టెలమీది గుర్తులు చూచి ఓటు వేసిరి. 2014లో మారిషసు సభకు మాయా హనుమాన్‌జీ తొలి మహిళా అధ్యక్షురాలైనది.

కావున సోదరీమణులారా! మన బిడ్డలకు తెలుగు అక్షరము తప్పక నేర్పుదము. పరదేశమున అది సభాద్వారమునే తెరచినది. కాని ఆ అక్షరము రానివారిని తక్కువగ చూడకుందము. తాళపుచెవి దొరకినవారు తలుపు తీసి, వెనుక వచ్చువారికై తెరచి యుంచుటయే న్యాయము.